ప్యాకెట్టు వెల వేరు, పనికి వెల వేరు

పత్తి విత్తనము ధర ఎంత పెరిగినదని అడిగినచో ప్యాకెట్టుపై అంకె చూచి చెప్పెదరు. ధరల సూచీలు కట్టువారును ఆ అంకెతోనే మొదలు పెట్టుదురు. వస్తువు గుణము మారుచున్నప్పుడు ఆ అంకె ఒక్కటే చాలదని నా అభిప్రాయము.

2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చినది. 450 గ్రాముల ప్యాకెట్టు సుమారు 1,600 రూపాయలు. అంతకు ముందరి సంకర విత్తనముకంటె ఇది ఎన్నో రెట్లు హెచ్చు. కాని కాయతొలుచు పురుగుకు కొట్టు మందులు తగ్గినవి. కావున ఆ హెచ్చంతయు ధర పెరుగుదల కాదు. అందులో కొంత గుణమునకు వెల. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వము గుత్తాధిపత్య నిరోధక కమిషనును ఆశ్రయించిన పిమ్మట ధర 750 రూపాయలకు దిగినది. పని అదే, వెల తగ్గినది. ఇది నిజమైన తగ్గుదల.

పాత రకము, కొత్త రకము ఒకే కాలమున అమ్ముడగుచున్నచో, వాని ధరల తేడాను గుణమునకు వెలగా ఎంచుట గణకుల పద్ధతులలో ఒకటి. 2016లో కేంద్ర ప్రభుత్వము ఒక జన్యువు గల బి.టి. రకమునకు 635, రెండు జన్యువులు గల రకమునకు 800 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించినది. తేడా 165 రూపాయలు. కాని ఇది అంగడి తేల్చిన తేడా కాదు. పైగా అప్పటికే గుజరాతులో గులాబీ రంగు పురుగు రెండు జన్యువులకును లొంగకుండుట కనబడినది.

రెండవ రకము ధర 2020లో 730, 2025లో 901 రూపాయలు. అనగా నూటికి 23 వంతుల పెరుగుదల. శనగపచ్చ పురుగుపై దానికి ఇంకను విలువ కలదు. గులాబీ పురుగు లొంగని చేనిలో మాత్రము లింగాకర్షక బుట్టలు, మందులు అదనముగా కొనవలెను. అక్కడ అసలు పెరుగుదల 23 వంతులకు మించినదే. సాగు ఖర్చులో మందులు వేరు పద్దున చేరును గనుక మొత్తము దాగదు. కాని విత్తనము గుణము తగ్గినదను మూలకారణము మాత్రము దాగిపోవును.

కాబట్టి రైతులు, గ్రామ వ్యవసాయ సహాయకులు ప్యాకెట్టు ధర ప్రక్కనే రకము పేరు, కాయతొలుచు పురుగుకు ఎన్ని మారులు మందు కొట్టినది, దాని ఖర్చు, ఎకరమునకు తీసిన పత్తి క్వింటాళ్లు వ్రాసి ఉంచవలెను. మరుసటి ఏడు విత్తనము కొనునపుడు ఆ పుటను, ప్యాకెట్టును కలిపి చదువుడు.