దిగే స్టాప్ తెలిస్తే చాలు

డిసెంబర్ వచ్చిందంటే మా నర్సీపట్నం మీదుగా కార్లు బారులు తీరతాయి. అందరూ లంబసింగి మంచు చూడ్డానికే. మేం మాత్రం ఈసారి ఎదురు దారి పట్టాం. విశాఖలో రాత్రి విమానం ఎక్కితే నాలుగు గంటల్లో సింగపూర్. "చలికాలం కదా" అని అమ్మ నాలుగు స్వెట్టర్లు సర్దింది. అది భూమధ్యరేఖకు నూట నలభై కిలోమీటర్ల లోపే ఉన్న ఊరమ్మా, డిసెంబర్లో అక్కడ వానే గానీ చలి ఉండదని చెప్పినా వినలేదు.

ప్యాకేజీ టూర్లో పొమ్మని వీధిలో అందరూ చెప్పారు. పొద్దున్నే ఏడింటికి బస్సెక్కించి, ఫొటోకి పావుగంట ఇచ్చి తలలు లెక్కపెట్టుకునే టూరు నాకు నచ్చదు. నేనే ప్లాన్ చేస్తానన్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఎక్సెల్ షీటు తెరిచాను. వీసా మాత్రం అధీకృత ఏజెంటు ద్వారానే పెట్టుకోవాలి. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీ అదనం. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డుకు పైసా కట్టక్కర్లేదు. దానికీ డబ్బులడిగే సైట్లున్నాయి, జాగ్రత్త.

నాలుగు రోజులకి పద్నాలుగు చోట్లు రాసుకున్నాను. మొదటిరోజు మధ్యాహ్నానికే అమ్మ మోకాళ్లు చేతులెత్తేశాయి. సగం కొట్టేశాను. అది పెద్ద విషయం కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది నాన్న.

నాన్న ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మా డిపో బస్సు ఏదెక్కినా ఇప్పటికీ కనీసం ఇద్దరు పలకరిస్తారు. అలాంటి మనిషి అక్కడ దిగిన దగ్గర్నుంచి నా వెనకాల మౌనంగా నడుస్తున్నారు. ఏం తింటారంటే "నీ ఇష్టం". ఎక్కడికెళ్దామంటే "నువ్వు చూసుకున్నావు కదా". ప్లేటు ధర చూసి మనసులోనే డెబ్బయ్యితో హెచ్చవేసుకోవడం మాత్రం కనిపిస్తూనే ఉంది.

రెండోరోజు సాయంత్రం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. 1855 నాటి గుడి. అమ్మ అక్కడ్నుంచి కదలనంది. బయటికొచ్చి, ఫారర్ పార్క్‌లో రైలెక్కి, తర్వాతి స్టేషన్ లిటిల్ ఇండియాలో నీలం లైనుకు మారాలి. దిగాల్సింది బేఫ్రంట్. ఆ నీలం లైను రైళ్లకి డ్రైవరుండడు. "డ్రైవరూ లేడు, కండక్టరూ లేడు, బండెలా నడుస్తాదిరా?" అని నాన్న ప్లాట్‌ఫామ్ మీది మ్యాపు చూస్తూ నిలబడ్డారు. నేనూ, చెల్లీ, అమ్మా ఎక్కేశాం. తలుపులు మూసుకున్నాయి. నాన్న అవతలే ఉండిపోయారు.

అమ్మ ముఖం చూడలేకపోయాను. పొదుపు చేద్దామని రోమింగ్ నాకూ చెల్లికీ మాత్రమే వేయించాను. నాన్న ఫోన్ పనిచేయదు. హోటల్ పేరు రాసిన కాగితమైనా ఆయన జేబులో పెట్టలేదు. షీటులో వాన పడితే ఏం చేయాలో కూడా రాశాను గానీ ఇది రాయలేదు.

తర్వాతి స్టేషన్ రోచర్లో దిగి వెనక్కి వచ్చాం. నాన్న లేరు. ప్లాట్‌ఫామ్ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరిగెత్తాను. చివరికి కౌంటర్లో ఉన్నాయనకి నాన్న ఫొటో చూపిస్తే, మిగతా స్టేషన్లకి ఫోన్లు చేశాడు. ముప్పావుగంట గడిచింది. అప్పుడు చెప్పాడు, బేఫ్రంట్‌లో గేటు బయట బల్ల మీద కూర్చున్నారని.

మమ్మల్ని చూడగానే లేచి, "ఏట్రా, ఎక్కడికెళ్లిపోయార్రా మీరు?" అన్నారు.

"మేం వెనక్కొచ్చాం నాన్నా, మీకోసం!"

"బేఫ్రంట్‌లో దిగాలని నువ్వే చెప్పావు కదరా. తర్వాత బండెక్కి ఇక్కడ దిగాను. తప్పిపోయింది మీరు. పాసింజరుకి దిగే స్టాపు తెలిస్తే చాలు."

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. అక్కడ రైలు కార్డు ఎవరిది వాళ్లకే ఉండాలి, ఒక్కదాని మీద నలుగురు వెళ్లడం కుదరదు. ఆ కార్డు నాన్న జేబులో ఉండబట్టే ఆయన దర్జాగా గేటు దాటి వచ్చారు. నాలుగూ నా దగ్గరే ఉంచుకుందామని మొదట అనుకున్నాను. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

గార్డెన్స్ బై ద బేలో ఏడూ నలభై అయిదు లైట్ల షో పోయింది. ఎనిమిదీ నలభై అయిదుది చూశాం. టికెట్ లేదు. ఆ ఇనప చెట్లు కొన్ని యాభై మీటర్ల ఎత్తుంటాయి. జనమంతా నేలమీద వెల్లకిలా పడుకున్నారు. మా అమ్మా పడుకుంది, మోకాళ్లకి హాయిగా ఉందని.

మర్నాడు పొద్దున నాన్నకి రైలు మ్యాపు ఇచ్చి, ఈరోజు మీరే తీసుకెళ్లండన్నాను. కళ్లజోడు పెట్టుకుని పది నిమిషాలు చూశారు. బొటానిక్ గార్డెన్స్‌కి ఒకసారి మారితే చాలని తేల్చారు. ఎక్కేముందు ముగ్గుర్నీ ముందు పంపి, వెనక చూసుకుని, ఆఖర్న ఆయనెక్కారు. రైట్ అంటారేమోనని చూశాను. అనలేదు గానీ చెయ్యి మాత్రం తలుపు పక్కన రెండుసార్లు తట్టింది. ఆరోజు మధ్యాహ్నం తిండి కూడా ఆయనే చెప్పారు, ధర అడక్కుండా.

తిరుగు ప్రయాణంలో విశాఖలో దిగేసరికి రాత్రి. అనకాపల్లి దాటాక కారు అద్దాల్లోంచి చలి కొట్టింది. అమ్మ ఏమీ అనకుండా సంచీ జిప్పు తీసి స్వెట్టర్లు నాలుగూ పంచింది.