రహీం సాహెబునకు చలనచిత్రము చాలదు, మైదానము కావలెను

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పఠనమందిరములలో సాయంకాలము పత్రికలు చదువు సోదరులను మేమొక ప్రశ్న యడుగుచున్నాము. ఫుట్‌బాలు క్రీడయందు భారతదేశము ఆసియాఖండమున కంతకును అగ్రస్థానము వహించిన కాల మొకటి కలదని మీ బిడ్డలకు తెలియునా? ఆ గౌరవమును సంపాదించి పెట్టినవాడు హైదరాబాదు నగరపు బడిపంతులని తెలియునా? ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ఆయన జీవితమును గూర్చి 'మైదాన్' అను హిందీ చిత్రము వెలువడినది. మనవారు చూచిరి, చప్పట్లు చరచిరి, ఇండ్లకు బోయిరి. అంతటితో ఋణము తీరినదని తలచువారితోనే మా వివాదము.

రహీం సాహెబు 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయత్వము నెరపిరి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. దేశపు జట్టునకు శిక్షకులై 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును ఓడించి స్వర్ణము తెచ్చిరి. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో మనకు 10–1గా ఘోరపరాజయము కలిగెను. నాడు మనవారిలో పలువురు జోళ్లు లేకయే ఆడిరి. ఆ అవమానముతో ఆయన క్రుంగలేదు. 1956లో మెల్బోర్నున ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2గా గెలిచి, మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తా యందు ప్రేక్షకులెల్లరు మనకు ప్రతికూలురై కేకలు వేయుచుండగా, తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును దాడివరుసకు పంపి, దక్షిణ కొరియాను 2–1గా ఓడించిరి. అప్పటికే ఆయన శరీరమును పుట్టకురుపు తినివేయుచుండెను. 1963 జూన్ 11న పరమపదించిరి.

ఆ తరువాత జరిగిన దేమి? 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్సు ముఖము చూడలేదు. ఆసియా క్రీడలలో 1970 నాటి కాంస్యమే మన కడపటి పతకము. ఒక్క మనిషి పోగానే దేశపు ఆట కూలినదన్నచో, దోషము ఆ మనిషిది కాదు. ఆయన పద్ధతిని పాతరవేసి పేరును మాత్రము పూజించిన మనది.

ఆ పద్ధతి యే రహస్యవిద్యయు గాదు. బంతిని కాళ్లతో త్రిప్పుచు ఒంటరిగా సాగుట నిషేధించి, తోడివానికి వెంటనే అందించి తీరవలసిన పోటీలు పెట్టిరి. బలము తక్కువైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టిరి. పొట్టి బాలురు వెనుకబడిపోకుండ వారికి వేరుగ పోటీలు పెట్టిరి. వీనికి కోట్ల ధనము వలయునా? విదేశపు యంత్రములు వలయునా? ఒక బంతి, ఒక నేల, పిల్లలను పేరుపేరున నెరిగిన యొక పంతులు, ఇంతే.

"మన శరీరములు ఆ యాటకు తగవు" అనువారికి జకార్తాయే సమాధానము. "ధనవంతులు క్లబ్బులు కొని ఆటను పోషింతురు, మనకేల?" అనువారికి హైదరాబాదే సమాధానము. 2022లో దేశపు లీగును గెలిచిన హైదరాబాదు క్లబ్బు 2025లో ఊరును, పేరును మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. కొనిన వస్తువును కొనినవాడు ఎచ్చటికైనను తీసికొనిపోవును. బడి మైదానము నెవడు మూటగట్టుకొని పోగలడు?

ఇంక "అది పట్నపు సంగతి" యనువారు కలరు. సికిందరాబాదు శివారున అమ్ముగూడలో పేదయింట బుట్టిన తులసీదాస్ బలరాముని చరిత్ర వారు వినవలెను. అభ్యాసమునకు నగరమునకు వచ్చుటకు ఆ బాలునికి దారిఖర్చు లేకుండెను. రహీం సాహెబు అద్దెసైకిలు నిమిత్తము దినమునకొక రూపాయి యిప్పించిరి. ఆ రూపాయి జకార్తా స్వర్ణమై తిరిగివచ్చెను. అట్టి బాలురు సిరిసిల్ల మగ్గముల సందులలో లేరా? కోరుట్ల బీడీకార్మికుల యిండ్లలో లేరా? జగిత్యాల కోటచుట్టు వీధులలో లేరా? ఉన్నారు. లేనివాడు వారి నాపి "రేపు ప్రొద్దున రమ్ము" అను మనిషి.

కావున ఈ మూడు పట్టణముల పురపాలక సభ్యులను, పాఠశాలల పెద్దలను, పఠనమందిర సభ్యులను మేము కోరునది మూడు మాటలు. మొదటిది, బడి మైదానము బడిపిల్లలది. సభలకు, సంతలకు, గదుల నిర్మాణమునకు దానిని కోసిపెట్టుట దొంగతనముతో సమానము. రెండవది, వ్యాయామోపాధ్యాయుని గంటను లెక్కలకో ఇంగ్లీషునకో అప్పగించు అలవాటు నేటితో మానవలెను. మూడవది, మూడు పట్టణముల బడుల నడుమ ఏటేట ఒక పోటీ రహీం సాహెబు పద్ధతిని జరుగవలెను. ఎడమకాలి ఆట ఒకటి, పొట్టివారి ఆట ఒకటి, బాలికల ఆట తప్పక ఒకటి. ఖర్చు ఒక పెండ్లి పందిరి ఖర్చునకు మించదు.

జకార్తాలో ఆ జట్టున హిందువు, ముసల్మాను, సిక్కు, క్రైస్తవుడు ఒకే అంగీ తొడిగి ఆడిరి. దానిని గూర్చి మనము ఉపన్యాసము లిచ్చుచున్నాము. ఆయన ఉపన్యాస మిచ్చినట్లు కానము, ఆడించి చూపెను. విగ్రహములు నిలుపువారు నిలుపుకొందురుగాక. బడిగంట మ్రోగిన పిమ్మట పిల్లలు బంతితో పరుగిడుటకు నేల లేని యూరు రహీం సాహెబు పేరెత్తుటకు అర్హము గాదని మా నిశ్చితాభిప్రాయము.