ఇంటిమాటకు మారువేషమేల?

మన గోదావరీతీరమునుండి విదేశములకు పోవువారు నేడు ముఖ్యముగా రెండు తెఱగులవారు. పొట్టకూటికై గల్ఫు రాజ్యములకు పోవు కష్టజీవులు కొందఱు. చదువుకై, వ్యాపారమునకై దూరదేశములకు పోవువారు కొందఱు. వీరిలో ఎన్ని తారతమ్యములున్నను, విమానము దిగి కాలు మోపినంతనే అందఱకును గలుగు కోరిక యొక్కటియే: ఇంటివారి గొంతు వినవలయును, వారి ముఖము చూడవలయును. ఈ కోరిక తీర్చుకొనుటకు కొన్ని దేశములలో మనవారు మారువేషము వేయవలసి వచ్చుచున్నది. ఆ వేషమునకు వి.పి.ఎన్. అని పేరు. "ఫోనులో అది వేసికొని పొమ్ము, ఏమియు భయము లేదు" అని ప్రయాణము కట్టువారికి తెలిసినవారును తెలియనివారును సలహా చెప్పుచున్నారు. ఈ సలహాలో ఎంత నిజము, ఎంత యపాయము గలదో విచారించుట మా విధి యని తలంచుచున్నాము.

వి.పి.ఎన్. అన నేమి? సెల్ ఫోనునుండి పోవు ప్రతి సందేశమును ఒక జాబువంటిది. దానిపై చేరవలసినచోటి చిరునామా యుండును. ఆ దేశపు టెలిఫోను కంపెనీ తపాలా కచేరివలె నడుమ నిలిచి, నిషిద్ధమైన చిరునామా కనబడినచో జాబును ఆపివేయును. వి.పి.ఎన్. ఆ జాబును మఱియొక కవరులో నుంచి, సీలు వేసి, వేఱొక దేశమందలి యొక కంప్యూటరు చిరునామా వ్రాయును. ఆ కంప్యూటరు పై కవరు విప్పి, లోపలి జాబును అసలు చోటికి పంపును. నడుమనున్నవారికి పై చిరునామాయే గాని లోపలి సంగతి తెలియదు. బ్యాంకులును, పెద్ద కంపెనీలును తమ గుట్టు కాపాడుకొనుటకు దీనినే వాడుచున్నవి. కావున సాధనమునందు దోషము లేదు. దానిని ఎవరు, ఎచ్చట, ఎందుకు వాడుచున్నారను ప్రశ్నయందే చిక్కంతయు నున్నది.

దుబాయి మొదలగు నగరములు గల ఐక్య అరబ్ ఎమిరేట్సును చూడుడు. అచ్చట ఇంటర్నెట్టుపై మాటలాడు సేవకు ప్రభుత్వపు లైసెన్సు వలయును. లైసెన్సు లేని కారణమున వాట్సాప్‌లో వ్రాతలు పోయినను మాటలు పోకుండ ఏండ్ల తరబడి ఆపుచు వచ్చిరి. ఇది మతమునకుగాని, నీతికిగాని సంబంధించిన నిషేధము కాదు, లైసెన్సుకు సంబంధించినది. ఆ దేశమున 2022 జనవరి 2వ తేదీనుండి అమలులోనికి వచ్చిన, 2021 నాటి 34వ నంబరు సమాఖ్యశాసనములోని 10వ నిబంధన ప్రకారము, నేరము చేయు నుద్దేశముతోగాని, నేరమును కప్పిపుచ్చు నుద్దేశముతోగాని తన ఇంటర్నెట్టు చిరునామాను మరుగుపఱచినవానికి ఖైదు, 5 లక్షలు మొదలు 20 లక్షల దిర్హముల వఱకు జరిమానా, లేక ఈ రెంటిలో నొకటి విధింపవచ్చును.

వి.పి.ఎన్. చేత నుండుటయే నేరమని ఈ శాసనము చెప్పుట లేదు. ఉద్దేశమును బట్టి నేర మనుచున్నది. న్యాయవాదికి ఈ భేదము పెద్దదే. కాని భాష తెలియని దేశమున, పాస్‌పోర్టుపై నొకరి దయకు లోబడి బ్రదుకు కూలివాడు తన యుద్దేశము నెవరికి నిరూపించుకొనగలడు? లైసెన్సు లేని సేవతో మాటాడుటయే నేరమని వాదించు అధికారి యెదురైనచో వాని గతి యేమి? నెలకు వేయి దిర్హముల జీతగాడు ఒక్క దిర్హమైనను ఖర్చుపెట్టక కూడబెట్టినను, ఆ కనీసపు జరిమానా తీర్చుటకు నలువదియొక్క సంవత్సరములు దాటును. "ఏమియు భయము లేదు" అనువారు ఈ లెక్క నొకసారి వేసి చూతురుగాక!

ఇక చీనా సంగతి. అచ్చట 2009లో ఫేస్‌బుక్కును, 2017లో వాట్సాప్‌ను ఆపివేసిరి. అదే సంవత్సరమున, ప్రభుత్వానుమతి లేని వి.పి.ఎన్.లను ఆపిల్ కంపెనీ చీనాలోని తన యాప్‌ల అంగడినుండి తీసివేసెను. సీలు వేసిన కవరు లోపలి జాబు చదువలేకున్నను, కవరు ఆకారమును బట్టియే ఇది వి.పి.ఎన్. అని గుర్తించి ఆపు యంత్రములు ఆ ప్రభుత్వమునకు గలవు. కొలదిదినములకై పోవువాడు మన దేశపు సిమ్‌తో రోమింగు వాడుకొనిన, సందేశము మన కంపెనీ గుండానే తిరిగి పోవును గనుక సాధారణముగా ఆ గోడ అడ్డురాదు. కాని వైద్యవిద్యకై ఏండ్లకొలది నుండు విద్యార్థికి ఆ ఖర్చు భరించుట యెట్లు? ఆ దేశపు వీచాట్‌తోనే వాడు తల్లిదండ్రులతో మాటలాడుచుండెను. 2020 జూను 29న మన కేంద్రప్రభుత్వమువారు 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌తోపాటు వీచాట్ కూడ పోయెను. వాట్సాప్‌ను అచ్చటివారు కట్టిరి. వీచాట్‌ను ఇచ్చటివారు కట్టిరి. సరిహద్దుల కలహమున రెండు రాజ్యములకు ఎన్ని కారణములైన నుండవచ్చును. తల్లికిని బిడ్డకును నడుమ రెండు గోడలు లేచిన మాట మాత్రము నిజము.

కొందఱు వి.పి.ఎన్.ను రక్షాకవచమని నమ్ముచున్నారు. పై కవరు విప్పువాడు వేఱొక కంపెనీవాడు. మన రాకపోకలు స్థానికప్రభుత్వమునకు మరుగైనను వానికి మరుగు కావు. ఉచితముగా నిచ్చువాడు తన ఖర్చెట్లు రాబట్టుకొనుచున్నాడో యడుగవలదా? కాపలాదారుని మార్చితిమి గాని కాపలాను తొలగించుకొనలేదు.

అట్లయిన వి.పి.ఎన్. వాడుట తప్పా? తల్లితో మాటాడుట యే ధర్మమునందును నేరము కాదు. అందుకై దొడ్డిదారి పట్టిన కూలివానిని మేము నిందింపము. కాని నింద లేకుండుట వేఱు, రక్షణ యుండుట వేఱు. 1908లో సుబ్రహ్మణ్య భారతి నడుపుచుండిన 'ఇండియా' యను వారపత్రిక, మద్రాసున సర్కారు కోపమునకు గురియై, ఫ్రెంచివారి పుదుచ్చేరికి తరలి యచ్చటనుండి వెలువడెను. పరరాజ్యపు చిరునామాయే నాటి వి.పి.ఎన్. అంతట ఆంగ్లప్రభుత్వము ఆ పత్రికను తన సీమలోనికి రానీకుండ నడ్డగించెను. 1910లో పత్రిక నిలిచిపోయెను. చాటుదారి కొంతకాలము ప్రాణము నిలుపగలదు గాని హక్కు నీయజాలదు. హక్కు బయలున నిలిచి యడిగినవారికే వచ్చెను. 1930లో ఉప్పుశాసనమును ధిక్కరింపబోవుచు మహాత్ముడు ముందుగా వైస్రాయికి జాబు వ్రాసి మఱి కదలెను. పరదేశమున నున్న కూలివానిని అట్టి ధిక్కారమునకు పురికొల్పుట పాపము. వాని పక్షమున అడుగవలసినవారము స్వదేశమున సురక్షితముగా కూర్చున్న మనము.

ఎవరి నడుగవలయును? మన ప్రభుత్వమువారినే. ఐక్య అరబ్ ఎమిరేట్సుతో మన దేశము చేసికొనిన వ్యాపారపు ఒడంబడిక 2022 మే 1నుండి నడచుచున్నది. సరకుల సుంకములపై పుటలకొలది షరతులు వ్రాసికొనగలిగిన రాజ్యములకు, కూలివాడు తనకు నచ్చిన మార్గమున ఇంటికి మాటలాడుకొనవచ్చునని యొక్క వాక్యము వ్రాయుట యసాధ్యమా? జీతము, బస, వైద్యములతోపాటు ఇంటిమాటయు శ్రామికుని హక్కుగా నెంచబడవలయును.

అయితే పరుల నడుగబోవువాడు ముందు తన యిల్లు చక్కబెట్టుకొనవలయును. 2022 మే 24న అమలాపురమున జిల్లా పేరుమార్పుపై అల్లరులు చెలరేగి యిండ్లు తగులబడినప్పుడు, కోనసీమలో ఇంటర్నెట్టును పలుదినములు నిలిపివేసిరి. ఇండ్లు తగులబెట్టినవారిని పట్టి శిక్షించుట ప్రభుత్వధర్మమే; కాని నిరపరాధులగు లక్షలాది జనుల వ్యాపారము, చదువు, కొలువు స్తంభించుట యే న్యాయము? తీగయే తెగినప్పుడు వి.పి.ఎన్. కూడ పనికిరాదు, కవరు మార్చిన నేమి, తపాలాయే మూతపడినప్పుడు? ఇంటర్నెట్టు ద్వారా భావప్రకటనము, వ్యాపారము సాగించుట రాజ్యాంగరక్షణ గల హక్కులనియు, నిరవధికముగా దాని నాపుట చెల్లదనియు, ఆపు ఉత్తరువులను ప్రకటింపవలయు ననియు 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ వ్యాజ్యములో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మన దేశమున వి.పి.ఎన్. సామాన్యముగా నేరము కాదు. అయినను, వాడుకరుల పేర్లు, చిరునామాలు ఐదేండ్లు భద్రపఱచవలెనని 2022 ఏప్రిలు 28న కేంద్రసంస్థ ఆజ్ఞాపింపగా కొన్ని విదేశీకంపెనీలు తమ కంప్యూటర్లను ఇచ్చటినుండి తీసికొనిపోయినవి. ఇట్టి మనము దుబాయికి నీతి చెప్పిన వారు నవ్వరా?

ఈలోపల ప్రయాణము కట్టువారు చేయదగిన పనులు కలవు. పోవు దేశపు శాసనమును ముందుగా తెలిసికొనుడు. అచ్చట అనుమతి గల యాప్ ఏదో విచారించి, దానిని ఇంటివారి ఫోనులోగూడ పెట్టించి, వాడుక నేర్పి పొండు. గల్ఫునకు పోవు శ్రామికులకు ప్రభుత్వమువారు ఇప్పించు ప్రయాణపూర్వ శిక్షణలో ఫోనును గూర్చిన శాసనములను తెలుగున బోధింపవలయును. మన రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము మొదలుకొని పల్లెలలోని పఠనమందిరముల వఱకు, దేశమునకొక కాగితము చొప్పున ఈ నియమములను వ్రాసి గోడకు అంటించిన ఎంత మేలు! న్యాయవాదులగు మా సోదరులు వారమునకొక గంట ఇందుకై వెచ్చింపలేరా?

కష్టపడి సంపాదించిన ధనము బ్యాంకు ద్వారా రాజమార్గమున ఇల్లు చేరుచున్నది. దాని నెవరును ఆపుట లేదు. ఆ ధనము పంపినవాని మాట మాత్రము దొంగవలె దొడ్డిదారిన రావలసియున్నది. ఈ యవమానము కూలివానిది కాదు, వానిని పంపిన మనది. మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను ఈ యొక్క మాట యడుగుడు. ఉత్తరము వచ్చువఱకు విడువకుడు.