లావెక్కిన పిక్కలు



స్కానింగ్ అనగానే మన ఇండ్లలో గర్భిణీ స్త్రీలే గుర్తుకు వస్తారు. అదే యంత్రంతో చిన్నపిల్లవాని తొడను, పిక్కను చూచి కండ ఎంత మిగిలిందో తెలిసికొనవచ్చునని చాలామందికి తెలియదు. ఈ నెల ఆ సంగతి వ్రాస్తున్నాము.

నాలుగేళ్ళ మగపిల్లవాడు మాటిమాటికి పడిపోతుంటాడు. మెట్లెక్కలేడు. నేలమీద కూర్చుంటే మోకాళ్ళమీద, తొడలమీద చేతులు ఆన్చి, తన ఒంటిమీద తానే ఎగబ్రాకినట్టు లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. వాటిని చూచి నాయనమ్మ మురిసిపోతుంది. బళ్ళో మాస్టారు బద్ధకమంటారు. ఇవి డుషేన్ కండర క్షీణత అనే జబ్బు లక్షణాలు. ఇది సుమారు 3,500 నుండి 5,000 మంది మగపిల్లలలో ఒకరికి వస్తుంది. కండను కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు శరీరంలో తయారు కాదు. కండ నశించిన చోట కొవ్వు, నార చేరుతాయి. ఆ లావు చూచి బలమనుకొనరాదు.

1980లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు హెక్మాట్, డుబోవిట్జ్, వారి సహచరులు ఈ పిల్లల కండలను అల్ట్రాసౌండుతో చూచి తేడాను ప్రకటించారు. ఆరోగ్యమైన కండ తెరమీద నల్లగా, మధ్యమధ్య సన్నని తెల్ల గీతలతో కనబడుతుంది. అడుగున ఎముక తెల్లగా మెరుస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ కండ మంచు కమ్మిన పొలంలా తెల్లబడుతుంది, ఎముక గీత మసకబారి చివరకు కనుమరుగవుతుంది. ఈ మార్పును హెక్మాట్ 1982లో నాలుగు మెట్లుగా విభజించారు.

సూది లేదు, కోత లేదు. జెల్లు రాసి చూస్తారు, అంతే. పిల్లవాడు తల్లి ఒడిలోనే ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ.లోనైతే హోరుమనే గొట్టంలో కదలక పడుకోవాలి. పసివారికి తరచు మత్తు ఇవ్వవలసి వస్తుంది, ఖర్చూ ఎక్కువ. అయితే స్కానింగ్ జబ్బు పేరు చెప్పదు. తొలిదశలో కండ మామూలుగానే కనబడవచ్చు. పేరు తేల్చేది జన్యు పరీక్ష. యంత్రం మారితే చిత్రమూ మారుతుంది గనుక మళ్ళీ మళ్ళీ చూపించేటప్పుడు ఒకే చోట చూపించి, పాత చిత్రాలు భద్రపరచండి. కండను చదవడం అలవాటున్న డాక్టరు అందరు స్కానింగ్ సెంటర్లలో ఉండరు. న్యూరాలజీ డాక్టరు చెప్పిన చోటికే వెళ్ళండి.

మరొక మాట. ఈ పిల్లల రక్తంలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. పెరిగి ఉంటాయి. అది చూచి కాలేయం జబ్బని పొరబడి నెలల తరబడి మందులు వాడేవారున్నారు. సి.పి.కె. పరీక్ష చేయిస్తే సంగతి బయటపడుతుంది. ముందుగా తెలిస్తే స్టిరాయిడ్ మందులతో నడక మరికొన్నాళ్ళు నిలుస్తుంది. ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు మాత్రం ఇంకా లేదు.

పరవాడ ప్రాంతంలో ఏ జబ్బు వచ్చినా ఫార్మా సిటీ మీదికి, థర్మల్ పొగమీదికి వేలు చూపడం అలవాటైంది. పొగ గురించి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ జబ్బు మాత్రం జన్యువులోని లోపం. ఫ్యాక్టరీలే లేని ఊళ్ళలోనూ ఉంది. మేనరికం వల్లనని అత్తవారు కోడలిని సాధించడమూ తగదు. వేరే రకం కండర క్షీణతలలో మేనరికం పాత్ర ఉంది గాని, దీనిలో లేదు. లోపం తల్లి నుండి రావచ్చు, సుమారు మూడింట ఒక వంతు పిల్లలలో కొత్తగానూ పుట్టవచ్చు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్ననే మన వీధులలో ఆ తల్లిని అడుగుతున్నారు. ఆమె అక్కచెల్లెళ్ళు, ఆడపిల్లలు కూడా ఆ లోపాన్ని మోస్తుండవచ్చు గనుక వారికీ పరీక్ష మంచిది.

పరవాడ నుండి విశాఖ కె.జి.హెచ్. దగ్గరే. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు వైద్య విభాగమూ ఉంది. కండర క్షీణతను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి, తీవ్రమైన కండర క్షీణతతో బాధపడేవారికి నెలకు రూ. 15,000 పింఛను నిర్ణయించారు. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. వెళ్ళేటప్పుడు రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకొని వెళ్ళండి.