మా వెనక బెంచీ మీద కూర్చోండి

"ట్రైనింగనగానే ఆడ టీచర్లకి ఎక్కడలేని ఇబ్బందులూ గుర్తొస్తాయి." ఒక శిక్షణా తరగతిలో రిసోర్స్ పర్సన్ నవ్వుతూ అన్న మాట ఇది. హాల్లో మగ టీచర్లూ నవ్వారు. మేం మాత్రం ఇంటి దగ్గర పిల్లలకి ఈపూట అన్నం ఎవరు పెడతారా అని ఆలోచిస్తున్నాం.

నేను ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఎన్ని శిక్షణలు చూశానో! రాష్ట్రస్థాయిలో విన్నవాళ్లు జిల్లాలో చెబుతారు. జిల్లాలో విన్నవాళ్లు మండలంలో చెబుతారు. కాలవ నీళ్లు చివరి పొలానికి చేరినట్టే ఉంటుంది. మా దాకా వచ్చేసరికి మాడ్యూలూ, సంతకాల కాగితమూ మిగుల్తాయి. 2020లో, కోవిడ్ కాలంలో, 'నిష్ఠ' శిక్షణ ఫోన్లోకి వచ్చింది. అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదకొండింటికి వీడియో పెట్టుకున్నాను. కళ్లు మూతలు పడుతుండగానే సర్టిఫికెట్ వచ్చేసింది. ఏం నేర్చుకున్నానో మాత్రం అడక్కండి.

నాకు నిజంగా శిక్షణ ఇచ్చింది మా బళ్లో లెక్కలు చెప్పే నేస్తం. ఒక వారం పాటు తన ఖాళీ పీరియడ్లలో నా క్లాసుకొచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. నేనెవర్ని ప్రశ్న అడిగితే వాళ్ల పేరు పక్కన ఒక గీత గీసింది. శనివారం ఆ నోట్‌బుక్ నా ముందు పెట్టింది. గీతలు చాలావరకు మగపిల్లల వైపే ఉన్నాయి. ఆడపిల్లల్ని నేను పిలిచింది పద్యం అప్పజెప్పడానికీ, బోర్డు తుడవడానికీ. 'ఎందుకు' అని అడిగింది మగపిల్లల్ని. స్త్రీవాద వ్యాసాలు రాసే నేను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తర్వాతి వారం నేను ఆమె క్లాసులో కూర్చున్నాను. మెల్లగా నా ప్రశ్నలు మారాయి. కొన్నాళ్లకి, ఎప్పుడూ నోరు విప్పని ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "ఈ పాఠంలో అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే ఎందుకుంది టీచర్?" అంది. ఏ మాడ్యూలు ఇవ్వగలిగింది నాకీ ప్రశ్నని?

ఇదేం కొత్త సంగతి కాదు. ఇరుగుపొరుగు బడుల టీచర్లు కలిసి నేర్చుకోవాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 కొఠారి కమిషన్ నాటిది. నేను వెళ్లిన కాంప్లెక్స్ సమావేశాల్లో మాత్రం సర్క్యులర్లు చదివారు, టీ తాగాం, వచ్చేశాం. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకీ ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటోంది. ఎవరి గంటలవి? బడి గంటలా, మా నిద్ర గంటలా? ఇల్లు భార్యకి వదిలేసి వచ్చేవాడి 50 గంటలూ, ఇంటిని నెత్తిన పెట్టుకొచ్చే మా 50 గంటలూ ఒకటేనా?

శిక్షణ వద్దనడం లేదు. బడివేళల్లో ఇవ్వమంటున్నాం. ఒకరి క్లాసులో ఒకరు కూర్చునే పీరియడ్‌ని టైంటేబుల్లో పెట్టి, ఆ 50 గంటల్లో జమకట్టమంటున్నాం. రెసిడెన్షియల్ శిక్షణ పెడితే పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటూ అక్కడే చెయ్యమంటున్నాం.

విశ్వవిద్యాలయాల్లో కూర్చుని మాడ్యూళ్లు రాసే స్నేహితురాళ్లారా, మీకూ ఒక మాట. జెండర్ మీద మీరు ఎంతో శ్రమపడి రాసిన అధ్యాయాన్ని మాకు చదివి వినిపించేది ఆ నవ్విన రిసోర్స్ పర్సనే. ఈసారి రాసేముందు ఒక వారం మా వెనక బెంచీ మీద కూర్చోండి. నోట్‌బుక్ తెచ్చుకోండి. ఆ తర్వాత మీ క్లాసులోకి మమ్మల్నీ రానివ్వండి.