పిల్లల కాగితం మీద అమ్మ వంటిల్లు

మొన్నామధ్య మా వీధి చివర బడిలో మూడో తరగతి పిల్లలకి రకరకాల ఉద్యోగాల గురించి చెప్పించారు. డాక్టరుగారి తర్వాత ఆర్కిటెక్టుగా పని చేస్తున్న మా చెల్లెలి కూతురి వంతు. తోడుగా నేనూ వెళ్లాను.

"ఆర్కిటెక్ట్ అంటే ఎవరర్రా?" అని అడిగితే, "ఇల్లు కట్టే మేస్త్రి" అన్నాడొకడు. "వాస్తు చెప్పే తాతగారు" అన్నాడింకొకడు. అందరం నవ్వాం. కానీ మన పెద్దవాళ్లలో మాత్రం ఎంతమందికి తేడా తెలుసు చెప్పండి?

మా పిల్ల ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "మీ ఇంట్లోకి పొద్దుటి ఎండ ఎటునుంచి వస్తుంది? బాగా ఉక్కపోసే గది ఏది?" అని అడిగింది. పిల్లలు పోటీలు పడి చెప్పారు. అప్పుడు, "ఇంట్లో ఉండేవాళ్ల అవసరం కనుక్కుని గాలి, వెలుతురు, గదులు ఎలా అమరాలో బొమ్మ గీసేది ఆర్కిటెక్ట్. స్తంభాలు, శ్లాబు బరువు మోస్తాయో లేదో లెక్క కట్టేది ఇంజనీరు. దాన్ని నిలబెట్టేది మేస్త్రి. ముగ్గురూ కావాలి" అంది. వెనక బెంచీలో ఓ పిల్ల మొహం వెలిగిపోయింది. వాళ్ల నాన్న మేస్త్రి అట!

తర్వాత తలా ఓ గళ్ల కాగితం ఇచ్చి, "మీ ఇంట్లో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు?" అంది. చాలామంది ఈతకొలను గీశారు. ఆ మేస్త్రిగారమ్మాయి మాత్రం వంటిల్లు గీసింది. "మా అమ్మ పొట్టి. అద్దింట్లో గట్టు ఎత్తు. పీటెక్కి వండుతుంది. ఓసారి పడిపోయింది కూడా. అందుకే గట్టు కిందికి దించాను" అంది.

నాకు మాట రాలేదు. మా ఇల్లు కట్టేటప్పుడు ప్లాను గురించి మావారూ మేస్త్రీ మాట్లాడుకుంటే, నేను కాఫీలిచ్చి లోపలికి వచ్చేశాను. ఫలితం, ఇరవై ఏళ్లుగా సింకు దగ్గర పట్టపగలే లైటు వేసుకుని గిన్నెలు తోముకుంటున్నాను. రోజంతా వంటింట్లో ఉండేది మనం, అందులో కిటికీ ఎక్కడుండాలో చెప్పేది ఇంకెవరో!

అందుకే ఈ సెలవుల్లో మీ పిల్లల చేతికి ఓ టేపు ఇవ్వండి. గది పొడవు, వెడల్పు కొలిచి, అడుగుకో గడి చొప్పున గీయమనండి. లెక్కలూ వస్తాయి, అల్లరీ తగ్గుతుంది. "బొమ్మలు గీస్తే కూడు పెడతాయా?" అని మాత్రం అనకండి.

నిజంగా ఆసక్తి ఉంటే దారులున్నాయి. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాయాలి. చదువు 5 ఏళ్లు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలి.

ఆడపిల్లలకెందుకనే వాళ్లకి జహా హదీద్ పేరు చెప్పండి. ఈ రంగంలో పేరెన్నికగన్న ప్రిట్జ్‌కర్ బహుమతిని 2004లో అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. మన దేశానికి ఆ బహుమతి 2018లో తొలిసారి తెచ్చిన బాలకృష్ణ దోషీగారు ఇండోర్‌లో పేదల కోసం అరణ్య కాలనీకి రూపకల్పన చేశారు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరి గది వాళ్లు పెంచుకునేలా ఆ ఇళ్లు అమర్చారు. అంటే ఈ చదువు మేడలు కట్టేవాళ్లకే కాదన్నమాట.

ఇంటికొచ్చి మావారికి ఆ చిన్నదాని సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "సింకు పక్క గోడకి కిటికీ పెట్టించడం కుదురుతుందేమో అమ్మాయిని అడుగు" అన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత! మీ వంటింట్లో ఏం మార్చాలో ఓసారి మీ పిల్లల్ని గీయమనండి. వాళ్లు మనల్ని ఎంతగా గమనిస్తున్నారో మీకే తెలుస్తుంది.