మణికట్టులోని ఇఱుకుదారి

నడిరేయి చేయి తిమ్మిరెక్కి నిద్ర చెడగా, లేచి కూర్చుండి చేతిని విదిలించుకొనువారు మన యిండ్ల నెందఱో కలరు. వారిలో పెక్కండ్రు దానిని వాతమనియో నెత్తురు తక్కువయనియో తామే నిర్ణయించుకొని, తైలమర్దనముతోను బలపుమాత్రలతోను నెలలు గడపుచుందురు. కాని బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము మొద్దుబాఱి, చిటికెనవ్రేలు మాత్రము చక్కగా నుండెనేని, దోషము మణికట్టునందున్నదని అనుమానింపవలెను: అచ్చటి ఎముకలకును వానిపై పఱచుకొన్న దృఢబంధనమునకును నడుమగల ఇఱుకుమార్గమున, వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయురజ్జువుల సరసనే మీడియన్ నరము సాగుచుండును, రజ్జువుల పొరలు వాచినచో నలిగిపోవునది ఆ నరమే. 1854లోనే జేమ్స్ పేజెట్ అను ఆంగ్లవైద్యుడు మణికట్టు విఱిగినవారియందు ఇట్టి నరపీడనమును వర్ణించెను. నేటివారు దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు. తొలిదశలో దీనికి కత్తి అక్కఱలేదు. నిద్రలో మణికట్టు వంగకుండ తిన్నగా నిలుపు స్ప్లింటును కొన్ని వారములపాటు రాత్రులందు ధరించుటయే ప్రథమచికిత్స. చవకగా దొరకు ఆ పట్టీని చిన్నచూపు చూచి ఖరీదైన మాత్రలను నమ్ము మన స్వభావము నాకు వింతగా తోచును. మణికట్టులో ఇచ్చు స్టెరాయిడ్ సూదిమందు ఉపశమనమును శీఘ్రముగనే కలిగించును, శాశ్వతమని మాత్రము చెప్పరాదు. థైరాయిడ్ లోపమో మధుమేహమో మూలమందున్నచో దానిని చక్కదిద్దుకొనవలెను. గర్భిణులకైతే ప్రసవానంతరము తఱచుగా తనంతనే తగ్గును. అయితే బొటనవ్రేలి మొదటి కండ కరగి, పట్టిన వస్తువులు జాఱిపోవుచున్నప్పుడు, స్ప్లింటునే నమ్ముకొని కాలయాపనము చేయక శస్త్రవైద్యుని ఆశ్రయింపవలసినదే.